రెండేళ్ల బొంత

పెళ్లయిన ముప్పై ఎనిమిదో రోజున నాకు మొదటి గిరాకీ వచ్చింది.

రోజులు లెక్కపెట్టడం నా అలవాటు. డిగ్రీలో గణితం చదివినందుకు నీకు మిగిలింది అదొక్కటేనని మా నాన్న అంటారు. మా ఆయన శివశంకర్ మాత్రం ఎయిర్‌పోర్ట్ కార్గోలో డ్యూటీకి బయల్దేరే ముందు, "ఇయ్యాల ఎన్నో దినం?" అని అడిగి, అంకె విన్నాకే బండి స్టార్ట్ చేస్తాడు. ఒకరోజు నేను స్నానం చేస్తుంటే, అంకె చెప్పేదాకా గేటు దగ్గర హారన్ కొడుతూ నిలబడ్డాడు. వాడకట్టంతా ఏం కొంప మునిగిందోనని బయటికొచ్చింది.

ఆ ముప్పై ఎనిమిదో రోజు గురువారం. సాతంరాయిలో మా అత్తవారింటి ముందు గదిలో, నా పవర్ మిషన్‌కి నూనె వేస్తున్నాను. పవర్ మిషన్ అంటే మోటారుతో నడిచే పెద్ద కుట్టుమిషన్. పెళ్లికి ఏం కావాలో చెప్పమని మా మేనమామ అడిగితే, ఫ్రిజ్ వద్దు, ఇదే కావాలన్నాను. మూతపడిన బట్టల కార్ఖానా నుంచి తెచ్చిన పాతదే. అయినా దాని తల మీద చెయ్యి వేస్తే గేదె మీద చెయ్యి వేసినంత ధైర్యంగా ఉంటుంది. ఫ్రిజ్ లేకపోయినా మా ఇంట్లో ఫ్రిజ్ మాగ్నెట్ ఒకటుంది. పెళ్లయ్యాక శ్రీశైలం వెళ్లినప్పుడు ముచ్చటపడి కొన్నాం. దాన్ని బీరువాకి అంటించుకున్నాం.

ఫోన్ చేసింది తొండుపల్లి లింగమ్మవ్వ. మా అత్తమ్మ భారతమ్మకు బాగా తెలిసిన మనిషి. ముందురోజే అత్తమ్మ చేత నాలుగు పాత నేత చీరల మూట పంపించింది. మనవరాలు కవితకు ఆడపిల్ల పుట్టింది. ఆ పాపను ఉయ్యాలలో వేసే రోజుకు బొంత కావాలి. ఎలా కుట్టాలో చెప్పడానికి ఫోన్ చేసింది.

"నా చేతులు ఇగ సూది పట్టుతలేవు బిడ్డా. నువ్వే కుట్టాలె. వచ్చే బేస్తారం ఇరవయ్యొకటో దినం, పిల్లను తొట్లెల ఏస్తం. పది గంటలకు ముహూర్తం. రెండేళ్ల..."

సరిగ్గా అప్పుడే మా ఇంటి మీదుగా ఒక విమానం దిగింది. మా దగ్గర విమానం వస్తే మాట్లాడేవాళ్లు మాట ఆపేస్తారు. అది వెళ్లాక ఆపిన చోటి నుంచే అందుకుంటారు. అయితే ఆ విమానం నా నెత్తి మీద ఉంది, లింగమ్మవ్వ నెత్తి మీద లేదు. ఆమె ఆపలేదు.

"...బొంత కుట్టాలె. సమజైందా?"

"అయిందవ్వా," అన్నాను.

రెండేళ్ల బొంత. రెండు వారాల పసికందుకు రెండేళ్లు వచ్చేదాకా సరిపోయేలా ఒకేసారి కుట్టించుకుంటోంది, ఎంత ముందుచూపు అని మురిసిపోయాను. అత్తాపూర్‌లో ఉన్న మా అక్కకు ఫోన్ చేసి, నిద్రపోతున్న దాని రెండేళ్ల కూతురిని టేపుతో కొలిపించాను. కాళ్లు చాపుకోవడానికి, దొర్లడానికి కలిపి వెడల్పు నాలుగడుగులు, పొడవు ఐదడుగులు అని తేల్చాను. ఆ కొలతకు చీరలు మడిస్తే పన్నెండు పొరలు వచ్చాయి. కుట్ల మధ్య దూరం సంగతి ఆమె ఏమీ చెప్పలేదు కదా అని, జానెడు జానెడు ఎడంగా నిలువుగా ఐదు గీతలు కుట్టాను. సోమవారానికి పని అయిపోయింది. నీలం చీర పైకి, ఆకుపచ్చ చీర కిందికి. మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టి, సాయంత్రం శివ వచ్చాక దాని మీద పడుకోబెట్టి చూశాను. అతని కాళ్లు పిక్కల నుంచి బయటికే ఉన్నాయి.

"నాకు రెండేండ్లే ఉన్నప్పుడు ఎంత సుఖపడేటోణ్ణో," అన్నాడు.

మంగళవారం పొద్దున, అంటే నలభై మూడో రోజున, లింగమ్మవ్వ ఆటోలో దిగింది. వస్తూనే బొంతను మంచం మీద పరిచి, వంగి, అరచేత్తో నిమిరింది. నిమురుతున్న చెయ్యి ఒక గీత దగ్గర బయల్దేరి, రెండో గీత అందక మధ్యలో ఆగిపోయింది.

"ఇదేంది బిడ్డా?"

"రెండేళ్ల బొంత అవ్వా. పాపకు రెండేళ్లు వచ్చేదాకా చిన్నదవదు."

ఆమె మా అత్తమ్మ వైపు తిరిగింది. "నీ కోడలేమంటున్నది భారతీ?"

అత్తమ్మ బొంతను చూసింది, నన్ను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ కొంగు కూడా చాలలేదు. గోడకు ఆనుకుని, కూర్చుని, కళ్లు తుడుచుకుంది.

"అవ్వా, అది పేపర్ల తెలుగు పిల్ల," అని, నా ముఖం ముందు చూపుడువేలు, నడిమివేలు కలిపి పట్టుకుంది. "ఏళ్లు. గివి. చేతి ఏళ్లు. రెండేళ్ల సందుతోని కుట్టుమన్నది నిన్ను. మేము సంవత్సరాలను ఏండ్లు అంటం."

మా అమ్మానాన్నలు ఏలూరు నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడ్డవాళ్లు. మా ఇంట్లో సంవత్సరాలంటే ఏళ్లు, చేతికుండేవి వేళ్లు. ఒక్క 'వ' మీద నమ్మకం పెట్టుకుని బతికినదాన్ని. ఆ 'వ' సాతంరాయిలో ఉండదని నలభై మూడు రోజుల్లో ఎవరూ చెప్పలేదు. సందు అన్న మాటనేమో విమానం ఎత్తుకుపోయింది.

లింగమ్మవ్వ కూడా నవ్వింది. కానీ ఆమె నవ్వు ముందే ఆగిపోయింది.

"జానెడు సందైతే నాలుగు ఉతుకులకు లోపలి గుడ్డంత జారి ముద్దగడతది బిడ్డా. పసిపిల్ల ఈపు కింద గడ్డలు. రెండేళ్ల సందు లేనిది బొంత గాదు, మూట." మంచం అంచు మీద కూర్చుంది. "మా ఇంట్ల పదకొండు మంది పిల్లలు మొదాలు నేను కుట్టిన బొంత మీదనే పండిండ్రు. దీని తల్లి గూడ. పన్నెండోదాని కాడికొచ్చే వరకు చేతులు గిట్లయినయి." వేళ్లు చాపి చూపించింది. కణుపుల దగ్గర ఉబ్బి, పక్కలకు ఒరిగి ఉన్నాయి. "మా కవిత అత్త అరుణ నిన్న ఫోన్ జేసింది. మెరిసే పరుపు, గాజు లెక్క గుండ్రటి దిండ్లు, షాపుల సెట్టంత తెస్తున్నదంట. పాత చీరెల మీద పిల్లనెట్ల ఏస్తరని అడిగింది. బొంత తయారున్నదని చెప్పిన. లేకపోతే ఆమె దాని మీదనే ఎయ్యాలె. ఇగ నేనేమంట?"

"గురువారం పది గంటలకు పాప బొంత మీదే పడుకుంటుందవ్వా," అన్నాను.

"రేపొక్క దినమే ఉన్నది."

"ఇవాళ మధ్యాహ్నం కూడా ఉంది."

ఆమె ఆటో ఎక్కగానే లెక్క వేశాను. ఐదు గీతలకు ఆరు సందులు. జానెడు సందులో నాలుగేసి కొత్త గీతలు వేస్తే మధ్య దూరం రెండు వేళ్లకు వస్తుంది. మొత్తం ఇరవై నాలుగు గీతలు. మోటారుకు రెండు గంటల పని. నవ్వొచ్చింది. ఇంత చిన్నదానికా కంగారు అనుకున్నాను.

బొంతను చాపలా చుట్టి, బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టి, ఆ చుట్టను మిషన్ చెయ్యి కింద దూర్చి కుట్టాలి. మొదటి గీతలోనే సూది విరిగింది. రెండో గీతలో ఇంకొకటి. మూడో గీత మొదలుపెట్టగానే మోటారు మూలిగింది. నేను పెడల్ ఇంకొంచెం నొక్కాను. నొక్కకూడదు. బల్ల కింద నుంచి సన్నటి పొగ, కాలిన రబ్బరు వాసన. అత్తమ్మ వంటింట్లోంచి అట్లకాడతో పరుగెత్తుకొచ్చి, దేన్ని తిప్పాలో తెలియక నిలబడింది.

శంషాబాద్ నుంచి బాలమల్లు వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో మిషన్లు బాగుచేసేది అతనే. మోటారు ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"వైండింగ్ కాలిపోయింది. పట్నం వంపాలె. సోమవారం లోపల రాదు."

"అద్దెకు ఇంకో మోటారు దొరకదా అన్నా?"

"నా కాడ లేదు. ఉన్నా ఇయ్య. గిది గూడ కాలవెడ్తవ్." బొంతను చిటికెడు పట్టుకుని మందం చూశాడు. "పన్నెండు పొరలు. దీనితోని కాదమ్మా. గిసొంటియి ముసలోళ్లు చేతితోని కుడతరు. నువ్వు జాకెట్లు కుట్టుకో."

"నేను జాకెట్లు కుట్టను," అన్నాను.

"మరేం కుడతవ్?"

"బొంతలు."

అతను మోటారును గోనెసంచిలో వేసుకుని, నా వైపు చూసి జాలిగా తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తల ఊపడం చూసే అత్తమ్మకు మండిందని తర్వాత తెలిసింది. అప్పటిదాకా ఆవిడ మనసులో బాలమల్లు మాటే ఉంది. ఇంట్లో తిండికి తక్కువా, ఊళ్లోవాళ్ల బొంతలెందుకు మనకు అని రెండుసార్లు అన్నది కూడా.

శివ నాలుగింటికి డ్యూటీ దిగి వచ్చేసరికి నేను బెల్టు లేని మిషన్ పక్క చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాను. మోటారు చేసే పని ఆ చక్రం తిప్పడమే కదా. చక్రం ఒకసారి తిరిగితే ఒక కుట్టు. కుడిచేత్తో తిప్పుతూ ఎడమచేత్తో బొంతను తోస్తుంటే గీత వాగులా వంకర పోతోంది.

"జరుగు," అని అతను చొక్కా చేతులు మడిచి చక్రం పక్కన స్టూలు వేసుకున్నాడు. "నువ్వు బొంత వట్టు, నేను తిప్పుత."

అటువైపు తిప్పాడు. దారం గుత్తులు గుత్తులుగా చుట్టుకుని, కింద పక్షిగూడు తయారైంది.

"మన వైపుకు తిప్పాలి శివా."

"మన అంటే నీ దిక్కా, నా దిక్కా?"

"ఇద్దరి దిక్కూ ఒకటే కదా."

"గట్లనా," అని నా వైపు చూసి నవ్వాడు. మళ్లీ తప్పువైపే తిప్పాడు. ఆ గూడు కత్తిరించడానికి పావుగంట పట్టింది. నాకు కోపం రాలేదు. నలభై మూడు రోజుల్లో ఇంత దగ్గరగా కూర్చుని ఇద్దరం కలిసి ఒక పని చేయడం ఇదే మొదటిసారి.

కానీ రెండు గీతలయ్యేసరికి అతని అరచెయ్యి ఎర్రబడింది. చక్రానికి పట్టుకోవడానికి ఏమీ లేదు, నున్నటి ఇనుము. గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్న అత్తమ్మ చాలాసేపటి నుంచి చూస్తోంది.

"దానికి పిడేది?" అంది.

"పిడి ఉండదమ్మా," అన్నాడు శివ.

"ఇసుర్రాయికి పిడి లేకుంట ఎవడన్న ఇసురుతడారా? రాయి లెక్కనే ఉన్నది అది, నిలవెట్టిన రాయి. పిడి పెట్టు."

చక్రంలో అంచుకు దగ్గరగా ఒక రంధ్రం ఉంది. ఎందుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. శివ ఆ రంధ్రంలో పొడుగాటి బోల్టు బిగించి, దానికి పాత గరిటె కర్రపిడిని తొడిగాడు. కర్ర బోల్టు చుట్టూ సులువుగా తిరుగుతోంది. అత్తమ్మ చిక్కుళ్ల చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి, కొడుకును స్టూలు మీంచి లేపింది. ఒకసారి తిప్పింది. రెండోసారికి లయ దొరికింది. మూడోసారికి ఇక ఆగలేదు.

శివ తిప్పితే చక్రం ఒకసారి పరుగెత్తేది, ఒకసారి నిలబడేది. అత్తమ్మ తిప్పితే ప్రతి కుట్టూ పక్క కుట్టుకు చెల్లెలిలా ఉంది. పదేళ్ల వయసు నుంచి జొన్నలు విసిరిన చెయ్యి అది.

"బాలమల్లు తలకాయ ఊపుతడా," అంది తిప్పుతూనే. "నా కోడలి దిక్కు సూసి తలకాయ ఊపుతడా. ఊపుకోమను."

చీకటిపడేలోపు ఇంకో రెండు గీతలు పడ్డాయి. మోటారుతో వేసినవి రెండు, శివతో రెండు, అత్తమ్మతో రెండు. పద్దెనిమిది మిగిలాయి. ఐదడుగుల గీతకు మూడు వందల కుట్లు. ఐదు వేల నాలుగు వందల తిప్పులు అని చెబితే అత్తమ్మ, "నాకు లెక్కలు జెప్పకు, చెయ్యి నొస్తది," అంది.

బుధవారం పొద్దున ఏడింటికే కూర్చున్నాం. శివ సెలవు పెట్టాడు. వంట అతనిది, చక్రం వాళ్లమ్మది, బొంత నాది. అన్నం మాడిన వాసన వచ్చింది, ఎవరం లేవలేదు. అత్తమ్మ తిప్పుతూ నాకు కవిత పెళ్లి కథంతా చెప్పింది, అరుణ పెట్టిన పేచీలతో సహా. విమానం వస్తే కథ ఆగేది, చక్రం ఆగేది కాదు.

పదకొండు గంటలప్పుడు టక్కుమని మూడో సూది విరిగింది. పైముక్క చేతిలో ఉంది. మొన లేదు.

కుట్టు నేర్పిన మా టీచరమ్మ మొదటిరోజు చెప్పిన మాట ఒకటుంది. విరిగిన సూది ముక్కలన్నీ దొరికేదాకా బట్ట కదపకూడదు, ఇంకో సూది ముట్టకూడదు. నేను విరిగిన ప్రతి సూదినీ ముక్కకు ముక్క చేర్చి ఒక కాగితం మీద టేపుతో అంటిస్తున్నాను. ఇప్పుడు మూడో దాని కింద సగం ఖాళీ.

నేల మీద చేతులతో వెతికాం. అత్తమ్మ చీపురు తడిపి ఊడ్చింది. బొంత మీద అరచేత్తో నొక్కి నొక్కి చూశాను. ఇరవై నిమిషాలు పోయాయి.

"ఏ మూలకో వడ్డది, ఇగ కానియ్యి," అన్నాడు శివ. "జాగైతుంది."

"పాప వీపు కింద పడిందేమో."

అతను లేచి వెళ్లి, బీరువా మీది శ్రీశైలం మాగ్నెట్ ఊడదీసుకొచ్చాడు. బొంత మీద అంగుళం అంగుళం నడిపించాడు. అంత పెద్ద మనిషి, మోకాళ్ల మీద పాకుతూ, నాలుక కొంచెం బయటపెట్టి. నీలం అంచు మడతలో మాగ్నెట్ చిన్నగా 'టిక్' అంది. మొన దొరికింది. అత్తమ్మ పక్కనే ఉందని మర్చిపోయి నేను అతని చెంప మీద ముద్దు పెట్టాను.

"నేను సూడలే," అంది అత్తమ్మ, కిటికీ వైపు తిరిగి. "ఇగ పని సూడుండ్రి."

సాయంత్రం నాలుగింటికి ఐదో సూది విరిగింది. అది డబ్బాలో ఆఖరిది. ఇంకా నాలుగు గీతలున్నాయి. స్కూటీ తీసుకుని శంషాబాద్ వెళ్లాను. ఆ లావు సూదులు అమ్మేది బాలమల్లే.

"కాదన్న గదమ్మా," అన్నాడు నన్ను చూడగానే.

"సూదులివ్వన్నా. లావువి. ఒక ప్యాకెట్టు."

"మోటరే లేదు, సూదులేం జేస్తవ్?"

"మోటారు లేకుండానే పద్దెనిమిది గీతలు అయ్యాయి."

"చేతితోనా?"

"మా అత్తమ్మతో."

అతను సూదులిచ్చాడు. నేను ఇంటికి చేరేసరికి వెనకాలే అతని బండి చప్పుడు. గుమ్మంలో నిలబడి, ఒక గీత మొత్తం చూశాడు. అత్తమ్మ అతని వైపు తలెత్తలేదు. చక్రం ఇంకాస్త గట్టిగా తిప్పింది. ఆ గట్టితనానికి కొత్త ప్యాకెట్టులో మొదటి సూది కూడా విరిగింది. ముక్కలు రెండూ వెంటనే దొరికాయి, కాగితం ఎక్కాయి.

బాలమల్లు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. జేబులోంచి చిన్న నూనెబుడ్డి తీసి, బొంత కింద చెయ్యి పెట్టి ఎక్కడో రెండు చుక్కలు వేశాడు. దారం బిగువు తిప్పే మరను పావువంతు వదులు చేశాడు.

"ఇప్పుడు తిప్పు పెద్దమ్మా."

చక్రం వెన్నలా తిరిగింది.

"ఈ ముచ్చట శంషాబాద్‌ల ఎవ్వరికి జెప్పకుండ్రి," అన్నాడు లేస్తూ. "రేపు మోటర్లు రిపేర్ చేయించేటోడు ఉండడు."

"నువ్వు గూడ తలకాయ ఊపుడు జర తక్కువ జెయ్యి," అంది అత్తమ్మ.

దీపాలు పెట్టే వేళకు ఆఖరి గీత పూర్తయింది. నేను చూపుడువేలు, నడిమివేలు కలిపి ప్రతి సందులోనూ పెట్టి చూసుకున్నాను. రెండుచోట్ల చిటికెన వేలంత ఎక్కువుంది. ఆ రెండూ శివ తిప్పినవి. అవి చూసినప్పుడల్లా నాకు ఇష్టంగానే ఉంటుంది కాబట్టి విప్పలేదు.

గురువారం, నలభై ఐదో రోజు, తొమ్మిదిన్నరకు తొండుపల్లి చేరాం. స్కూటీ మీద నేను, వెనక బొంత ఒడిలో పెట్టుకుని అత్తమ్మ. లింగమ్మవ్వ ఇంటి ముందు షామియానా, లోపల ఆడవాళ్లు. మధ్య గదిలో తొట్లె. అందులో అప్పటికే గులాబీరంగు పరుపు, చుట్టూ లేసు. దాని పక్కన పట్టుచీరలో అరుణగారు. తొట్లెకు కాపలా ఉన్నట్టు నిలబడింది.

లింగమ్మవ్వ గోడ పక్కన కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, చేతులు మాత్రం చాపింది. ఆ వంకర వేళ్లతో బొంతను ఒళ్లో పెట్టుకుని, ఒక గీత నుంచి ఇంకో గీతకు, దాన్నుంచి మరో గీతకు నడిపించింది. మొత్తం చూశాక, "ఊఁ," అంది. ఆ ఒక్క అక్షరం కోసం నేను డిగ్రీ పట్టా వదులుకుంటాను.

"అత్తమ్మా, బొంతొచ్చింది," అంది కవిత, పాపను ఎత్తుకుని. "పరుపు తీస్తే ఇది ఏద్దాం."

"పాతయి గద కవితా," అంది అరుణగారు. "కొత్తది ఉండంగ పాతదెందుకు? అండ్లనూ చేతితోని కుట్టినా ఒక తీరు. ఇది మిషన్ కుట్టు."

"తిప్పింది నా చెయ్యే వదినా," అంది మా అత్తమ్మ. "మోటరు కాలిపోతే నిన్నంత చేతితోనే తిప్పినం."

అరుణగారు ఆ మాట పట్టుకుంది. "మోటరు కాలిందా? సూదులు గూడ ఇరిగినయా?"

"విరిగాయండీ," అన్నాను.

అరుణగారి గొంతు ఈసారి పేచీగా లేదు, నిజంగా భయపడ్డట్టు ఉంది. "మరి ఒక్క ముక్క అండ్ల ఉంటే? పసిపిల్ల. ఎవరు జూడొచ్చిండ్రు?"

అడగాల్సిన ప్రశ్నే అది. నేనైనా అడుగుతాను. బ్యాగులోంచి కాగితం తీసి ఆమె చేతికిచ్చాను.

"ఆరు సూదులు విరిగాయి. పన్నెండు ముక్కలూ ఇవే. మొనలు చూడండి. ఒకదాని మొన కోసం ముప్పావుగంట పని ఆపేశాం."

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. ఒక్కో సూదినీ గోటితో తాకుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. పన్నెండు దాకా వెళ్లి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పదిసార్లు లెక్కపెట్టుకున్నా నాకు భయం లేదు.

"షాపోడు గిట్ల కాగితమియ్యలే," అంది చివరికి, ఎవరితోనో కాదు, తనలో తాను అన్నట్టు. కాగితం మడిచి నాకిచ్చి, తొట్లె ముందు నుంచి పక్కకు జరిగింది.

కవిత ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో గులాబీరంగు పరుపును తీసి మంచం మీద పెట్టింది. బొంత తొట్లెకు పెద్దదే. నాలుగు మడతలు వేసి పరిచాం. పదికి ఇంకా ఐదు నిమిషాలుండగా లింగమ్మవ్వ తనే లేచి, పాపను రెండు చేతుల మీదికి తీసుకుని, నీలం చీర మీద పడుకోబెట్టింది. ఆడవాళ్లు తొట్లె పాట ఎత్తుకున్నారు. ఎవరో తాడు లాగారు.

పాప కళ్లు తెరిచింది. కాళ్లు రెండుసార్లు ఆడించింది. తర్వాత చాలా పెద్ద ఆలోచన వచ్చినట్టు ముఖం గంభీరంగా పెట్టింది. నీలం చీర మీద ఒక మచ్చ పుట్టి, ఒక గీత దాటి, రెండో గీత దాటి, మెల్లగా పాకింది.

పాట ఆగిపోయింది.

"నయం," అంది అరుణగారు, "నా పరుపు మీద పొయ్యలే."

గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. లింగమ్మవ్వ మాత్రం నవ్వకుండా, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు, బొంత కింద చెయ్యి పెట్టి తడిమి చూసింది. చెయ్యి బయటికి తీసి అందరికీ చూపించింది. పొడిగా ఉంది.

"ఇగ బొంతయింది," అంది.

అరుణగారు పాపను ఎత్తుకుని తుడుస్తూ, నా వైపు తిరిగింది. "దీన్ని పిండేస్తే ఆరేదాక పిల్ల దేని మీద పండాలె? ఇంకోటి ఉండాలె గద. నా కాడ గూడ మెత్తటి పాత చీరెలు ఐదారున్నయి. ఎన్ని దినాలైతది?"

మోటారు సోమవారం వస్తుంది, వచ్చాక రెండు రోజులు అని చెప్పబోయాను. మా అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"చీరెలు ఇయ్యాలనే ఇయ్యి వదినా," అంది. "మోటరొచ్చిందంటే ఇది నన్ను చక్రం ముట్టనియ్యది."